ఎల్‌జీబీటీ పిల్లలున్న కుటుంబాలు కలుసుకునేందుకు మా ఊళ్లో ఒక బృందం మొదలుపెట్టవచ్చా?

పెద్దవాడి అమ్మ అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. ఇరవై రెండేళ్ల మా పెద్దబ్బాయి నాలుగు నెలల క్రితం ఒక రాత్రి నా గదిలోకి వచ్చి, మంచం అంచున కూర్చుని, తనకు మగవాళ్ల పట్లే ఆకర్షణ కలుగుతుందని, ఈ సంగతి తనకు పధ్నాలుగో ఏటి నుంచీ తెలుసునని చెప్పాడు. చెబుతున్నంతసేపూ వాడు నా ముఖం వైపు చూడలేదు. దుప్పటి అంచున ఊడిన దారాన్ని వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉన్నాడు. నేను వాడిని దగ్గరకు తీసుకున్నాను. ఒక్క పరుషమైన మాట అనలేదు. అందుకు ఇప్పటికీ నాకు తృప్తిగానే ఉంది, కానీ మర్నాటి నుంచి పగలంతా మామూలుగా పనులు చేసుకుంటూ, స్నానాల గదిలో కుళాయి తిప్పి ఆ చప్పుడులో ఏడుస్తున్నాను. ఎనిమిదేళ్లు వాడు ఒక్కడే దీన్ని మోశాడే, ఒకే ఇంట్లో ఉంటూ నేను పసిగట్టలేకపోయానే అన్న బాధ ఒకటి; రేపు నేను లేని రోజున వాడికి తోడెవరన్న భయం ఒకటి; నేను ఊహించుకున్న కోడలు ఇక రాదన్న దిగులు కూడా అందులో కొంత ఉందని దాచకుండా చెప్పాలి.

మావారికి వాడే చెప్పాడు. ఆయన "సరే" అన్నారు. ఆ ఒక్క మాట తర్వాత ఈ విషయం మీద ఇంతవరకు నోరు విప్పలేదు. కోప్పడితే సమాధానం చెప్పుకోవచ్చు. ఈ మౌనానికి ఏం చెప్పాలో నాకు తెలియడం లేదు. మా అక్కతో చెప్పుకుందామంటే సాయంత్రానికల్లా బంధువులందరి నోళ్లలో నానుతుంది. పోనీ మా వాడితోనే చెప్పుకుందామంటే, వాడి బరువుకు తోడు నా బరువు కూడా వాడి నెత్తినే పెట్టినట్టవుతుంది.

ఇలాంటి కుటుంబాల వాళ్లు కలుసుకుని మాట్లాడుకునే బృందాలు ఉన్నాయని తెలిసి వెతికాను. మాకు దగ్గరలో ఒక్కటీ లేదు. చాలా దూరంలో ఉన్న ఒక బృందం నెలకోసారి వీడియోలో కలుస్తుందంటే, కెమెరా ఆపేసి, పేరు మార్చుకుని ఒకసారి విన్నాను. గంటన్నర సేపు ఎవరో నా మనసు చదివి నాకే వినిపిస్తున్నట్టు అనిపించింది. కానీ అది ముగిసి తెర నల్లబడగానే మళ్లీ అదే ఇల్లు, అదే నిశ్శబ్దం. మా ఊళ్లో కూడా ఇలాంటి కుటుంబాలు తప్పకుండా ఉంటాయి కదా, ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోగలిగితే బాగుండును కదా అన్న ఆలోచన అప్పటి నుంచి వదలడం లేదు.

అందుకే అడుగుతున్నాను. ఈ విషయంలో ఓనమాలు కూడా సరిగ్గా రాని నేను ఇలాంటిది మొదలుపెట్టవచ్చునా, లేక ఉన్న బృందంలోనే ఓపిగ్గా చేరి నేర్చుకోవడం మంచిదా? మొదలుపెడితే, మా వాడి సంగతి ఊళ్లో పొక్కకుండా, ఇంకెవరి సంగతీ పొక్కకుండా మనుషులను ఎలా పోగుచేయాలి? మౌనంగా ఉండిపోయిన తండ్రిని అలాంటి చోటికి ఎలా తీసుకురావాలి?


కూతురి నాన్న రాసిన జవాబు:

అమ్మా, మీరు రాసినది చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. ఆరేళ్లుగా ఇలాంటి ఒక బృందాన్ని నడుపుతున్నవాళ్లలో నేనొకడిని. పంతొమ్మిదేళ్లు కొడుకుగా పెంచిన బిడ్డ నాకు కూతురని తెలిశాక, మీరు కుళాయి తిప్పినట్టే నేను కారు అద్దాలు మూసుకునేవాణ్ని.

ముందు మీ మొదటి అనుమానం తీరుస్తాను. ఇలాంటి బృందాలకు ఆద్యురాలిగా ప్రపంచమంతా చెప్పుకునే జీన్ మాన్‌ఫర్డ్ న్యూయార్క్‌లో ఒక ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలు. 1972 ఏప్రిల్‌లో ఆమె కొడుకు మోర్టీ గే హక్కుల కరపత్రాలు పంచుతుండగా కొందరు అతన్ని కొట్టారు. ఆమె పత్రికకు ఉత్తరం రాసి, తన కొడుకు స్వలింగ ఆకర్షణ గలవాడని, అతన్ని తాను ప్రేమిస్తున్నానని తన పేరుతోనే బాహాటంగా చెప్పింది. ఆ జూన్‌లో జరిగిన ఊరేగింపులో పిల్లలకు అండగా తల్లిదండ్రులు ఏకం కావాలని రాసిన అట్ట పట్టుకుని కొడుకు పక్కన నడిచింది. అప్పుడు దారి పొడవునా యువతీయువకులు పరుగెత్తుకొచ్చి, మా అమ్మానాన్నలతో కూడా ఒక్కసారి మాట్లాడండని ఆమెను బతిమాలుకున్నారట. ఆ బతిమాలుకోళ్ల లోంచే బృందం ఆలోచన పుట్టింది. 1973 మార్చిలో ఒక చర్చిలో తొలి సమావేశం జరిగితే వచ్చినవాళ్లు ఇరవై మంది దాకా. దంతవైద్యుడైన ఆమె భర్త జూల్స్ కూడా మొదటి నుంచీ ఆమెతో ఉన్నాడు. నేడు పీఫ్లాగ్ అన్న పేరుతో వందలాది శాఖలున్న సంస్థకు అదే మొదలు. ఆ సమావేశం నాటికి స్వలింగ ఆకర్షణ ఇంకా మానసిక రుగ్మతల జాబితాలోనే ఉంది. అమెరికా మనోవైద్యుల సంఘం దాన్ని తొలగించింది ఆ ఏడాది డిసెంబరులో. అంటే వైద్యశాస్త్రం ఒప్పుకునేదాకా ఆ తల్లి ఆగలేదు. మీరు నిపుణురాలు అయ్యేదాకా ఆగనక్కరలేదు.

అయితే రేపే మొదలుపెట్టమని కూడా నేను అనను. ఆ దూరపు బృందంలో కనీసం మూడు నాలుగు సార్లు కూర్చోండి, ఒకసారైనా కెమెరా తెరవండి. వాళ్లు ఎలా మొదలుపెడుతున్నారు, ఏడ్చేవాళ్లను ఎలా ఓదారుస్తున్నారు, ఎక్కువ మాట్లాడేవాళ్లను నొప్పించకుండా ఎలా ఆపుతున్నారు అన్నవి గమనించండి. ఆ నిర్వాహకులతో విడిగా మాట్లాడి, మీ చుట్టుపక్కల నుంచి ఎవరైనా వాళ్లను సంప్రదించి ఉంటే, మీ సంగతి వాళ్లకు చేరవేయమని అడగండి. వాళ్ల నంబర్లు మీకు ఇవ్వమని అడగవద్దు. ఇచ్చారంటే ఆ బృందాన్ని నమ్మవద్దు. మాకు తొలి ఇద్దరు అలాగే దొరికారు. మేము ముగ్గురం. మొదటి మూడు నెలల్లో ఒక సమావేశానికి నేనూ మరొకాయనా తప్ప ఎవరూ రాలేదు. పది కుర్చీల గదిలో ఇద్దరం కూర్చుని రెండు గంటలు మాట్లాడుకున్నాం. నిజం చెప్పాలంటే నా మనసు తేలికపడింది ఆ రోజే. మనుషులు తక్కువ వచ్చారని తేదీ మార్చకండి. నెలలో ఫలానా ఆదివారం, ఫలానా వేళ, ఫలానా గది అన్నది మారకుండా ఉంటే, ధైర్యం కూడగట్టుకోవడానికి ఏడాది పట్టేవాళ్లు కూడా ఏడాది తర్వాత వచ్చి తలుపు తట్టగలుగుతారు.

సమావేశం ఎవరి ఇంట్లోనూ పెట్టవద్దు. గ్రంథాలయంలోనో, ఏదైనా సంఘం భవనంలోనో ఒక గది చూసుకోండి. బయట బోర్డు మీద "కుటుంబాల సమావేశం" అని ఉంటే చాలు. కొత్తవాళ్లు నేరుగా రాకూడదు. ముందు మాలో ఒకరు ఫోన్లో ఇరవై నిమిషాలు మాట్లాడతారు. ఇది అనుమానంతో చేసేది అనుకునేవాణ్ని, అనుభవం మీద దాని అవసరం తెలిసింది. ఒకాయన ఫోన్ చేసి "మీ దగ్గర ఎన్ని సిట్టింగుల్లో మామూలు చేస్తారు?" అని అడిగాడు. ఒక కుటుంబం, ఇల్లు వదిలి వెళ్లిపోయిన తమ అమ్మాయిని ఆశ్రయమిచ్చినవాళ్లు మా బృందంలో ఉంటారన్న లెక్కతో, బాధలో ఉన్న తల్లిదండ్రుల్లా మాట్లాడింది. బాధ నిజమే కావచ్చు, కానీ వాళ్ల ప్రశ్నలన్నీ చిరునామాల చుట్టూనే తిరిగాయి. ఇంకొందరు "మా స్నేహితుడి కొడుకు గురించి" అని మొదలుపెడతారు. చల్లకొచ్చి ముంత దాచడమే అది. వాళ్లను తొందరపెట్టకండి, రెండో ఫోన్‌కు స్నేహితుడు మాయమై సొంత కొడుకు బయటికొస్తాడు.

లోపల కూర్చున్నాక మేము పాటించేది ఇంతే. ఒక్కొక్కరూ తమ గురించి చెప్పుకుంటారు, మధ్యలో ఎవరూ అడ్డు రారు, అడగనిదే ఎవరూ సలహా ఇవ్వరు. పిల్లల పేర్లు, చదువుతున్న చోటు, పనిచేసే చోటు చెప్పము. ఫొటోలు లేవు. మాట్లాడకుండా కూర్చోవాలనుకుంటే కూర్చోవచ్చు. ఒక పెద్దమనిషి వరుసగా ఆరు సమావేశాలకు వచ్చి, నమస్కారం పెట్టి, ఒక్క ముక్క మాట్లాడకుండా వెళ్లిపోయాడు. ఏడోసారి, అందరూ లేస్తుండగా నా దగ్గరకొచ్చి, "మీ అమ్మాయికి ఇప్పుడున్న పేరు ఎవరు పెట్టారండీ?" అని అడిగాడు. తనే పెట్టుకుందని, నన్ను అడగలేదని మొదట నొచ్చుకున్నానని, తర్వాత ఇంటిపేరు మాత్రం నాదే ఉంచుకుందని గమనించానని చెప్పాను. ఆయన చాలాసేపు నా చేయి పట్టుకుని నిలబడ్డాడు. కాబట్టి మీవారి మౌనాన్ని చూసి ఆశ వదులుకోకండి. ఆయనను సమావేశానికి రమ్మనవద్దు. మరో తండ్రితో ఫోన్లో మాట్లాడతారా అని ఒకసారి అడిగి ఊరుకోండి. మగవాళ్లం పదిమంది ముందు కంటే ఒక్కడి ముందు త్వరగా కరుగుతాం.

ఒక్క విషయంలో మాత్రం కచ్చితంగా ఉంటాను. మొదటి ఏడాది ఈ సమావేశాలు పెద్దవాళ్లకే పరిమితం చేయండి. పిల్లలు ఎదురుగా ఉంటే తల్లిదండ్రులు మంచివాళ్లలా మాట్లాడతారు తప్ప, ఉన్నది ఉన్నట్టు మాట్లాడరు.


ముప్ఫై దాటినవాడు రాసిన జవాబు:

నేను తల్లిదండ్రుల పక్షం కాదు, కొడుకుల పక్షం. ఎనిమిదేళ్ల క్రితం మా అమ్మకు చెప్పుకున్నాను.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అందులో మీ భయం ఉంది, మీవారి మౌనం ఉంది, మీ అక్కగారు కూడా ఉన్నారు. మీ అబ్బాయిని అడిగారా అన్నది మాత్రం కనబడలేదు. దయచేసి తప్పుగా తీసుకోవద్దు. మా అమ్మ కూడా మంచి మనసుతోనే ఒక చోటికి వెళ్లి, తెలిసినవాళ్లెవరూ లేరన్న ధీమాతో, నా వృత్తి, నేనుండే వీధి, నాకు ఎవరితో స్నేహం ఉందో కూడా ఏకరువు పెట్టి వచ్చింది. వింటున్నవాళ్లలో ఒకరి తమ్ముడు మా ఆఫీసులోనే పనిచేసేవాడు. రెండు వారాల తర్వాత నా బల్ల మీద ఎవరో ఒక బొమ్మ గీసిన కాగితం పెట్టి వెళ్లారు. నేను ఆ ఉద్యోగం వదిలేశాను. అమ్మ మీద నాకు కోపం లేదు, కానీ ఈ రోజుకీ ఆ విషయం ఆమె దగ్గర ఎత్తితే గది లోంచి లేచి వెళ్లిపోతుంది, అంత కుమిలిపోయింది.

ఇంటిగుట్టు లంకకు చేటు అంటూ పెరిగినవాళ్లం కదా, చెప్పుకోవడమే తప్పన్న చోటి నుంచి ఒక్కసారిగా అంతా చెప్పేసుకునే చోటికి వెళ్లినప్పుడు ఎక్కడ ఆగాలో తెలియదు. నాకు తోచిన గీత ఇది: మీ దుఃఖం, మీ భయం, మీ నిద్రలేని రాత్రులు మీవి, వాటిని ఎవరితోనైనా పంచుకోవచ్చు. వాడి పేరు, వాడి ఫొటో, వాడు ప్రేమించిన మనిషి, వాడు ఎవరెవరికి చెప్పాడు, ఎవరికి చెప్పలేదు అన్నవి వాడివి. ఆ రెంటి మధ్యలో ఉన్నవాటిని వాడితో కూర్చుని తేల్చుకోండి. వాడు వద్దంటే, మీ ఊళ్లో కాకుండా ఆ దూరపు బృందంలోనే కొనసాగండి. కొన్నాళ్లకు వాడే సరేననవచ్చు.

మాటల సంగతి కూడా ఒకటి చెప్పాలి. "స్వలింగ సంపర్కులు" అన్నది పత్రికల్లో పాతుకుపోయిన మాట. అది మనిషి మొత్తాన్ని పడకగది దగ్గరకు కుదించేస్తుంది. మీరు సహజంగానే "ఆకర్షణ" అని రాశారు, అదే మాట ఉంచుకోండి. గే అన్నా, లెస్బియన్ అన్నా, ట్రాన్స్ అన్నా ఇప్పుడు అందరికీ అర్థమవుతాయి. బృందంలోకి వచ్చే పెద్దవాళ్లు మొదట్లో తప్పు మాటలే వాడతారు. వాళ్లను అక్కడికక్కడే సరిదిద్దితే మళ్లీ రారు. నిర్వాహకులు సరైన మాటను తమ వాక్యంలో మామూలుగా వాడుతూ పోతే, మూడో సమావేశానికి వాళ్ల నోటికీ అదే వస్తుంది.

ఇక పిల్లలు రాకూడదన్న పై పెద్దాయన మాటతో నేను ఏకీభవించలేను. సొంత పిల్లలు ఎదురుగా ఉండకూడదు, నిజమే. కానీ తల్లిదండ్రులు భయపడేది తమకు తెలియని భవిష్యత్తును చూసి. నలభై ఏళ్లు దాటి, ఉద్యోగం చేసుకుంటూ, పదిహేనేళ్లుగా ఒకే మనిషితో కలిసి బతుకుతున్న ఒక గే వ్యక్తి, ఒక లెస్బియన్ జంట వచ్చి అరగంట కూర్చుంటే, "వీడికి తోడెవరు" అన్న మీ ప్రశ్నకు వంద ఓదార్పు మాటలు ఇవ్వలేని జవాబు దొరుకుతుంది.


మాట వినే మనిషి రాసిన జవాబు:

నేను మానసిక ఆరోగ్య రంగంలో పనిచేస్తాను. పై ఇద్దరూ చెప్పినదానిలో ఎక్కువ భాగంతో ఏకీభవిస్తూ, వాళ్లు వదిలేసిన రెండు మూడు సంగతులు రాస్తాను.

ఇలాంటి బృందం చికిత్స కాదు. ఒకే దారిలో నడుస్తున్నవాళ్లు ఒకరికొకరు తోడుగా నిలవడం మాత్రమే. అది తక్కువేమీ కాదు, కానీ దాని హద్దు మీకు తెలిసి ఉండాలి. అడగనిదే సలహా ఇవ్వకూడదన్న నియమం చాలా మంచిది. దానికి ఒక్క మినహాయింపు పెట్టుకోండి. తల్లి గాని, తండ్రి గాని, ఇంట్లో ఉన్న బిడ్డ గాని ప్రాణం తీసుకునే ఆలోచనలో ఉన్నారన్న సూచన వచ్చినా, ఇంట్లో ఎవరినైనా బంధించారని, కొడుతున్నారని తెలిసినా, ఆ నియమం అక్కడితో ఆగిపోతుంది. అలాంటప్పుడు ఎవరికి ఫోన్ చేయాలో, ఏ వైద్యుని దగ్గరకు పంపాలో మొదటి సమావేశానికి ముందే ఒక కాగితం మీద రాసి పెట్టుకోవాలి. ఆ వైద్యులతో ముందుగా మీరే మాట్లాడి, ఈ పిల్లలను మార్చాలనుకోరని నిర్ధారించుకోవాలి. మారుస్తామని చెప్పేవాళ్లు ఎప్పుడూ మారుస్తామని చెప్పరు. "ఒత్తిడి తగ్గిస్తాం", "అసలు కారణం కనుక్కుంటాం" అంటారు. అమెరికా మనస్తత్వవేత్తల సంఘం నియమించిన నిపుణుల బృందం అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నిటినీ పరిశీలించి, ఇలాంటి ప్రయత్నాలు ఆకర్షణను మారుస్తాయనడానికి నమ్మదగ్గ ఆధారం లేదని, హాని కలిగే ప్రమాదం మాత్రం ఉందని 2009లోనే తేల్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990 మే 17న స్వలింగ ఆకర్షణను వ్యాధుల వర్గీకరణ నుంచి తీసేసింది. ట్రాన్స్ వ్యక్తులకు సంబంధించిన అంశాన్ని మానసిక రుగ్మతల అధ్యాయం నుంచి తప్పించడానికి మాత్రం 2019లో ఆమోదం పొందిన పదకొండో కూర్పు దాకా పట్టింది. తేదీలు ఎందుకంటే, మీ బృందంలోకి వచ్చే తండ్రుల్లో కొందరికి కన్నీళ్ల కంటే ఇలాంటి వివరాలే మొదట పట్టు చిక్కే కొమ్మ అవుతాయి. వాళ్లను తక్కువగా చూడకండి. లెక్కల దారిన వచ్చినవాళ్లూ ఇంటికే చేరతారు.

బృందం ఎందుకు అవసరమో చెప్పడానికి కూడా ఒక లెక్క ఉంది. కైట్లిన్ రయాన్, ఆమె సహచరులు 21 నుంచి 25 ఏళ్ల మధ్య వయసున్న 224 మంది గే, లెస్బియన్, బైసెక్సువల్ (ఆడామగా ఇద్దరి పట్లా ఆకర్షణ కలిగే) యువతను అధ్యయనం చేసి 2009లో ఫలితాలు ప్రచురించారు. కౌమారంలో కుటుంబం నుంచి తీవ్ర తిరస్కారం ఎదుర్కొన్నవాళ్లలో ఆత్మహత్యాయత్నం చేశామన్నవారు, తిరస్కారం లేని లేదా స్వల్పంగా ఉన్న ఇళ్ల పిల్లలతో పోలిస్తే 8.4 రెట్లు ఎక్కువ. ఇక్కడ తిరస్కారం అంటే ఇంట్లోంచి గెంటేయడమే అనుకోవద్దు. ఫలానా స్నేహితులను కలవవద్దనడం, నడక మార్చుకోమనడం, ఈ మాట ఇంట్లో ఇంకెవరి దగ్గరా ఎత్తవద్దనడం కూడా అందులోకే వస్తాయి. ఇవన్నీ తల్లిదండ్రులు చాలాసార్లు ప్రేమతో, బిడ్డను కాపాడుకోవాలనే చేస్తారు. ఆ సంగతి నిపుణురాలినైన నేను చెబితే నేరారోపణలా వినిపిస్తుంది. అదే పని ఒకప్పుడు చేసిన మరో తల్లి చెబితే లోపలికి వెళ్తుంది. బృందం విలువంతా అక్కడే ఉంది.

పెద్దమ్మా, మీవారి మౌనం గురించి ఒక మాట. అది తిరస్కారమో, మాటలు దొరకకపోవడమో మీకే ఇంకా తెలియదు. మీ అబ్బాయికి అసలే తెలియదు. ఆయన మాట్లాడకపోయినా, వాడితో మునుపు చేసే పనులు మానకుండా ఉంటున్నారా అన్నది గమనించండి. పిల్లలు దాన్నే లెక్కలోకి తీసుకుంటారు.

పిల్లలు రావాలా, వద్దా అన్న వాదంలో నా మొగ్గు మధ్యలో ఉంది. మొదటి గంటన్నర కుటుంబాల వాళ్లే కూర్చుని, చివరి అరగంటకు ఎవరి ఇంటివాళ్లూ కాని ఒకరిద్దరు పెద్ద వయసు ఎల్‌జీబీటీ వ్యక్తులను పిలవవచ్చు. ఇక తోబుట్టువులను మరచిపోవద్దు. ఇంట్లో అందరికంటే ముందు తెలిసేది చాలాసార్లు వాళ్లకే, ఆ రహస్యాన్ని ఏళ్ల తరబడి కడుపులో పెట్టుకుని తిరిగేదీ వాళ్లే. భర్తో, భార్యో గే అని పెళ్లైన ఇన్నేళ్లకు తెలుసుకున్నవాళ్లు కూడా మిమ్మల్ని వెతుక్కుంటూ వస్తారు. వాళ్ల గాయం వేరు, అందులో మోసపోయామన్న కోపం ఉంటుంది. కొడుకును అక్కున చేర్చుకోవాలని తపించే తల్లి పక్కన వాళ్లను కూర్చోబెడితే ఇద్దరికీ న్యాయం జరగదు. వాళ్లకు విడిగా ఉన్న బృందాల వివరాలు ఇచ్చి పంపండి.


మూసేసిన తలుపు రాసిన జవాబు:

అందరూ నడుస్తున్న బృందాల గురించి చెబుతున్నారు, ఆగిపోయినదాని గురించి నేను చెబుతాను. మాది పద్నాలుగు నెలలు నడిచింది. ఫోన్ కాల్స్ అన్నీ నాకే, గది తాళం నా దగ్గరే, అర్ధరాత్రి ఏడ్చేవాళ్లకూ నా నంబరే. మా ఇంట్లో అసలు మా అమ్మాయితో నేను మాట్లాడిన మాటలు ఆ ఏడాదిలో తగ్గిపోయాయని ఆలస్యంగా తెలిసింది. దానికి తోడు, సౌకర్యంగా ఉంటుందని ఫోన్లో ఒక మెసేజీల గ్రూపు పెట్టాను. అందులో చేరగానే ప్రతివాళ్ల నంబరూ అందరికీ కనిపిస్తుందన్న చిన్న సంగతి నాకు తట్టలేదు. ఒక్కసారి కూడా సమావేశానికి రానివాళ్లు అరవై మంది చేరారు. ఒక రాత్రి ఎవరో ఆ మాటలను ఫొటో తీసి బయటి మనిషికి పంపారు. ఎవరన్నది ఇప్పటికీ తెలియదు. మర్నాడే పదకొండు మంది వెళ్లిపోయారు, నెల తిరగకుండా అందరం వెళ్లిపోయాం.

ముగ్గురికి తక్కువ కాకుండా బాధ్యత పంచుకోగలిగినప్పుడే మొదలుపెట్టండి. ఫోన్ కాల్స్‌కు వారంలో రెండు రోజులు, రెండేసి గంటలు చాలు, దానికి విడిగా ఒక నంబరు తీసుకోండి. మెసేజీలు పంపాల్సి వస్తే తేదీ, వేళ మాత్రమే, అవీ ఎవరికి వారికి విడివిడిగా.


కూతురి నాన్న మళ్లీ రాసినది:

పైన రాసినవారికి నమస్కారం. మీరు చెప్పినదానికి ఒక్కటే కలుపుతాను. బృందానికి వచ్చి కుదుటపడినవాళ్లు సహజంగానే రావడం మానేస్తారు. అది మంచి కబురే, కానీ అందరూ అలాగే వెళ్లిపోతే గదిలో కొత్తగా దెబ్బతిన్నవాళ్లు మాత్రమే మిగులుతారు. మేము వెళ్లేవాళ్లను ఏడాదికి రెండుసార్లయినా రమ్మని మాట తీసుకుంటాం. ఇక పిల్లల గురించి నా నియమాన్ని చివరి అరగంట వరకు సడలించుకోవడానికి నాకు అభ్యంతరం లేదు.


పెద్దవాడి అమ్మ ఏడు వారాల తర్వాత రాసినది:

అందరికీ కృతజ్ఞతలు. మా వాడిని అడగలేదన్న మాట చదివినప్పుడు సిగ్గుపడ్డాను. ఆ రాత్రే అడిగాను. వాడు మర్నాటిదాకా గడువు అడిగి, ఒక కాగితం మీద మూడు షరతులు రాసి ఇచ్చాడు. తన పేరు, చదువు చెప్పకూడదు. తన చిన్ననాటి విషయాలు చెప్పి, అప్పుడే తెలిసిపోయిందన్నట్టు కథ అల్లకూడదు. మూడోది, ఏడుపొస్తే ఏడవవచ్చును గాని, తనను "పాపం" అనకూడదు. ఆ కాగితం నా పర్సులోనే ఉంది.

దూరపు బృందంలో మూడుసార్లు కూర్చున్నాను, రెండోసారి కెమెరా తెరిచాను. వాళ్ల ద్వారా మా చుట్టుపక్కల నుంచి ఒకే ఒక్క మనిషి దొరికింది. తమ్ముడు గే అయిన ఒక అమ్మాయి, ఇంట్లో తెలిసినది ఆమెకు మాత్రమే. ఆమె ద్వారా మరో తండ్రి. ముగ్గురమయ్యాం కాబట్టి పోయిన ఆదివారం మొదటిసారి కలిశాం. గది తలుపు మీద "కుటుంబాల సమావేశం" అని నేనే రాసి అంటించాను, చేయి వణికి అక్షరాలు వంకరపోయాయి.

మావారు కారులో దింపుతానన్నారు. లోపలికి రమ్మనలేదు, ఆయనా వస్తానలేదు. రెండు గంటలూ కారులోనే కూర్చున్నారు. తిరిగి వస్తుంటే మొదటి కూడలి దాటాక, "ఆయనెవరో బూడిదరంగు చొక్కా, వాళ్ల అబ్బాయి వయసెంతట?" అని అడిగారు. ఇరవయ్యట అన్నాను. "మనవాడి కంటే చిన్నవాడే" అన్నారు. అంతే. ఆ తండ్రి ఫోన్ నంబరు ఇవ్వనా అంటే, ఉంచమన్నారు.

ఇప్పుడు నాకొక చిన్న చిక్కు వచ్చింది. తమ్ముడి సంగతి తల్లికి చెప్పడానికి ఆ అమ్మాయి, తమ్ముడు కలిసి నిర్ణయించుకున్నారట. చెప్పాక ఆవిడను వచ్చే నెల సమావేశానికి తీసుకువస్తానంటోంది. ఆవిడకు వినికిడి చాలా తక్కువట. మేము గట్టిగా మాట్లాడితే పక్క గదిలోకి వినిపిస్తుంది. ఏం చేయమంటారు?


మాట వినే మనిషి రాసిన జవాబు:

ఆవిడ పక్కన ఒక కుర్చీ ఖాళీగా ఉంచండి. ఎవరి వంతు వస్తే వాళ్లు లేచి ఆ కుర్చీలోకి మారి, ఆవిడ వైపు తిరిగి, పెదవుల కదలిక కనబడేలా నెమ్మదిగా చెప్పాలి. ఒక నోటు పుస్తకం, కలం ఆవిడ ఒడిలో ఉంచండి. రాసిన కాగితాలను వెళ్లేటప్పుడు చించి వాళ్లకే ఇచ్చేయండి, గదిలో వదలవద్దు.